ఆంటీ రేటు

మంగతాయారు గరాజులో కార్లకి చోటు లేదు. భర్త కేశవరావు కారు, ఆవిడ కారు ఏడాది పొడుగునా ఎండకీ వడగళ్ళకీ వాకిట్లోనే ఉంటాయి. లోపల మూడు గోడలకీ మేకులు, మేకులకి పాత సైకిలు సామాన్లు. ఒక గోడకి చక్రాలు, ఒక గోడకి హ్యాండిళ్ళూ సీట్లూ, మూడో గోడకి గేర్లూ చైన్లూ బ్రేకులూ. ప్రతిదానికీ తెల్ల దారంతో కట్టిన గోధుమరంగు అట్టముక్క ఒకటి వేలాడుతుంటుంది. దాని మీద నీలం పెన్నుతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఆ వస్తువు చరిత్ర: ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఎన్నేళ్ళు తిరిగింది, ఎక్కడ దెబ్బ తింది. అన్నిటికన్నా అడుగున ధర.

ధర అడుగున ఉండటానికి కారణం ఉంది. లోపం ముందు చెప్పాలి, ధర తర్వాత చెప్పాలి అన్నది ఆవిడ తండ్రి పద్ధతి. పాండురంగకి రేపల్లె స్టేషన్ రోడ్డులో అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. ఇంట్లో మగపిల్లలు లేరు. బడి విడిచాక తాయారే షాపులో కూర్చునేది. పంక్చర్లు వెయ్యడం, చక్రం వంకర తియ్యడం, ఓవరాయిలింగు చేసి బాల్సు కిరసనాయిల్లో కడగడం పదమూడో ఏటికే వచ్చేశాయి. పెళ్ళయ్యాక ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. కేశవరావుకైనా మెల్‌బోర్న్ వచ్చిన రెండేళ్ళకి గానీ తెలియలేదు. పనికిరాని సామాను వీధిలో పెట్టే హార్డ్ రబ్బిష్ రోజున ఎవరో రోడ్డుపక్క గడ్డిలో పారేసిన సైకిల్ని ఆవిడ ఈడ్చుకొచ్చి, వాకిట్లో తిరగేసి నిలబెట్టి, చక్రం పుల్లలు సవరిస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు.

"నీకిది వచ్చా?"

"వచ్చు."

"ఇన్నేళ్ళు కాపరం చేశాం, ఒక్కసారన్నా చెప్పలేదే!"

"మీరెప్పుడన్నా సైకిలెక్కితేగా," అంది చక్రం తిప్పుతూ.

ఊరి పడమటి శివారు ట్రుగనీనాలో ఇళ్ళ వరసలు అయిపోయిన చోట గోడౌన్లు మొదలవుతాయి. అలాంటి ఒక గోడౌన్‌లో ఆవిడ ఉద్యోగం. జనం కొని, నచ్చక తిప్పి పంపిన వస్తువుల పెట్టెలు విప్పి చూసి, మళ్ళీ అమ్మొచ్చా, తగ్గించి అమ్మాలా, పారెయ్యాలా అని తేల్చే పని. రోజుకి రెండొందల పెట్టెలు. పెట్టె మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. ఆ పనిలో పదకొండేళ్ళుండి ఆవిడ నేర్చుకున్నది ఒక్కటే, మూత తీసి చూడకుండా ఏ మాటా నమ్మకూడదని.

చుట్టుపక్కల తెలుగువాళ్ళలో సైకిలు పిచ్చి మొదలయ్యాక ఆ గరాజుకి రాకపోకలు పెరిగాయి. ఐటీ ఉద్యోగాలవాళ్ళు, యూనివర్సిటీలో చదువుకునేవాళ్ళు, ఆదివారాలు గుంపుగా వెళ్ళేవాళ్ళు. ఆ గుంపుకి 'పెడల్ బ్యాచ్' అని పేరు, ఒక వాట్సాప్ గ్రూపు. అందరికీ ఆవిడ తాయారాంటీ. ఒకరి దగ్గర మిగిలిన చక్రం ఇంకొకరికి కావాలి, కానీ ఎంతకివ్వాలో తెలియదు. ఎక్కువ అడిగితే స్నేహం పోతుంది, తక్కువకిస్తే నిద్ర పట్టదు. ఒకసారి ఒక సీటు గురించి ఇద్దరు మాటామాటా అనుకుని మూడు నెలలు పక్కపక్కన తొక్కలేదు. అప్పుడు తాయారే ఒక లెక్క చెప్పింది. లోపం ఉంటే ముందు చెప్పెయ్యండి. తర్వాత, ఇవాళ కొత్తదాని రేటెంతో చూసి అందులో సగం చెయ్యండి. ఎన్నేళ్ళు వాడితే ఆ సగంలోంచి ఏడాదికి పదో వంతు చొప్పున తీసెయ్యండి. రెండు ఆదివారాలు తొక్కి చూసుకోనివ్వండి, నచ్చకపోతే వెనక్కి తీసుకోండి.

దానికి 'ఆంటీ రేటు' అని పేరు పెట్టారు. గ్రూపులో ఎవరు ఏ ఫొటో పెట్టినా కింద "ఆంటీ రేటేనా?" అని ప్రశ్న, "ఆంటీ రేటే" అని జవాబు. అంతటితో బేరం అయిపోయేది. మొదట్లో ఆవిడకి ముచ్చటగా ఉండేది. తర్వాత్తర్వాత ఆ మాట తెరమీద కనబడినప్పుడల్లా ఫోన్ బోర్లా పెట్టేసేది. సగం, పదో వంతు అందరికీ గుర్తున్నాయి. లోపం ముందు చెప్పమన్న మాట మాత్రం ఎవరూ తిరిగి అనడం ఆవిడ వినలేదు. ఆవిడ ఎన్నడూ ముట్టుకోని వస్తువులు కూడా ఆవిడ పేరుతోనే చేతులు మారుతున్నాయి.

"నీ పేరు కంపెనీ పేరైపోయిందే," అన్నాడొకసారి కేశవరావు.

"నాకు తెలియకుండా అమ్ముడయ్యే కంపెనీ," అంది ఆవిడ. నవ్వలేదు.

రెండు చలికాలాల కిందట ఆల్టోనాలో ఒక ముసలాయన దగ్గర పాత రేసు సైకిలొకటి కొంది. విప్పుతుంటే దాని ఫోర్కు ముచ్చటగా కనబడింది. ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకునే రెండు కాళ్ళ ఫోర్కు. కార్బన్ ఫైబర్‌ది, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. పండిన చెర్రీ రంగు. ఇనుముకి దెబ్బ తగిలితే వంగి చూపిస్తుంది. కార్బన్ అలా కాదు, పైన నున్నగా నవ్వుతూనే లోపల చీలిపోతుంది, విరిగే రోజున ఒక్కసారిగా విరుగుతుంది. అందుకని ఆవిడ యాభై సెంట్ల నాణెం తీసుకుని పైనుంచి కిందిదాకా కొట్టుకుంటూ వచ్చింది. టక్, టక్, టక్. ఎడమ కాలు మొదట్లో, మెడకి నాలుగు వేళ్ళ కింద, చప్పుడు చచ్చిపోయింది. తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. నాణెం జరిపి కొట్టింది. టక్. వెనక్కి తెచ్చి కొట్టింది. మళ్ళీ అదే.

తండ్రి షాపులో పగిలిన ఫోర్కు వస్తే ఏం చేసేవాడో ఆవిడకి తెలుసు. ఇనుప దిమ్మ మీద పెట్టి, సుత్తితో రెండు కాళ్ళూ చితక్కొట్టి, అప్పుడు పాత ఇనుపసామానువాడికి వేసేవాడు. "చితక్కొట్టకుండా ఇస్తే నాలుగు రూపాయలెక్కువ ఇస్తానంటున్నాడుగా నాన్నా?" అని అడిగింది చిన్నప్పుడు. "ఇత్తాడమ్మా. ఇచ్చి, రంగేసి ఎవడి సైకిలుకో ఎక్కిత్తాడు," అన్నాడాయన సుత్తి దింపకుండా.

తాయారు రంపం తీసింది. సరిగ్గా అప్పుడే దీక్షిత్ వచ్చాడు. గ్రూపులో హుషారైనవాడు, బ్యాంకులో సాఫ్ట్‌వేరు పని.

"ఆంటీ, ఆగండాగండి! ఇంత అందగత్తెని కోసేస్తారా? పాపం తగులుద్ది!"

"లోపల పగిలింది బాబూ. దీన్ని ఉంచకూడదు."

"తొక్కడానిక్కాదాంటీ. కొత్తిల్లు కదా, స్టడీ రూమ్‌లో గోడకి బిగిస్తా. పైన లైటు పెట్టిస్తా. మా భానుశ్రీ రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటుంది."

భానుశ్రీ అతని భార్య, సైకిలంటే గిట్టని మనిషి. తాయారుకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినప్పుడు చెయ్యి మెత్తబడుతుంది. రంపం పక్కన పెట్టి అట్టముక్క తీసుకుని రాసింది. లోపల పగులు ఉంది. గోడకి మాత్రమే. దీనిమీద ఎక్కకూడదు. అడుగున, 15 డాలర్లు.

ధర రాయకుండా ఊరికే ఇచ్చేసినా బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. ధర చీటీ కట్టడంతో అది సరుకైపోయింది.

ఈ ఏడాది మార్చిలో దీక్షిత్‌కి పెర్త్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఇల్లు అద్దెకిచ్చేసి అక్కడి కానింగ్ వేల్‌కి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు సామాను చాలా అమ్ముకున్నారని తాయారు విన్నది. సోఫాలూ మంచాలూ అనుకుంది.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆవిడ ఇడ్లీలు తీస్తూ ఫోన్ చూసింది. బ్యాచ్ ఆ రోజు మౌంట్ మాసిడన్ ఎక్కుతున్నారు. కొండ కింద కార్లు ఆపి, బయల్దేరేముందు తీసుకున్న ఫొటో. ఆరుగురు. ఈ కాలంలో గుడ్లు పెట్టిన మ్యాగ్‌పై పిట్టలు సైకిలువాళ్ళ తలల మీదికి దూకుతాయని అందరి హెల్మెట్లకీ ప్లాస్టిక్ పట్టీలు ముళ్ళలా నిలబెట్టుకున్నారు. ముళ్ళపందుల గుంపులా ఉన్నారనుకుని నవ్వుకుంది. ఒకవైపు గ్రూపు లీడరు కార్తికేయ. ఇంకోవైపు లిఖిత, బ్యాచ్ మొత్తానికీ చిన్నపిల్ల, ఫిజియోథెరపీ చదువుతోంది. మూడో ఏటినుంచీ ఇక్కడే పెరిగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, సగం ఇంగ్లీషు కలిపి. లిఖిత నీలం సైకిలుకి చెర్రీ రంగు ఫోర్కు ఉంది.

లోకంలో చెర్రీ రంగు ఫోర్కులు ఎన్ని లేవు అనుకుంది. ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. సీటు కింద ఏదో వేలాడుతోంది. ఇంకా పెద్దది చేసింది. గోధుమరంగు అట్టముక్క. తడవకుండా పైన టేపు అంటించి ఉంది. అక్షరాలు అలుక్కుపోయాయి గానీ తన చేతిరాతని తను పోల్చుకోలేకపోదు. రెండో వరస పొట్టిగా ఉంది. గోడకి మాత్రమే.

ఇడ్లీ పాత్ర మూత చేతిలోంచి జారి సింకులో పడింది.

లిఖితకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. కార్తికేయకి చేసింది. అదీ అంతే. తొక్కేటప్పుడు ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోవాలన్నది కార్తికేయ పెట్టిన రూలే. మెసేజ్ పంపింది. ఒక్క టిక్కు పడి ఊరుకుంది. కొండ మీద నెట్ సరిగా అందదు.

"ఏమండీ, కారు తియ్యండి."

"టిఫిన్—"

"తియ్యండి!"

కేశవరావు పాతికేళ్ళలో ఆ గొంతు రెండుసార్లే విన్నాడు. లుంగీ మీదే వచ్చి కారెక్కాడు.

ఫ్రీవే ఎక్కాక స్పీకర్లో పెట్టి దీక్షిత్‌కి చేసింది. పెర్త్‌లో అప్పటికింకా ఏడు కాలేదు.

"హలో... ఆంటీ? ఏంటింత పొద్దున్నే, అంకుల్ బాగున్నారా?"

"ఎర్ర ఫోర్కు ఏం చేశావ్?"

అవతల మంచం కిర్రుమంది.

"అదా. షిఫ్టింగ్‌లో... లిఖితకిచ్చేశా ఆంటీ. ఆ అమ్మాయి రేసు ఫోర్కు కోసం వెతుకుతోందంటే."

"ఎంతకిచ్చావ్?"

"ఆంటీ రేటేనండీ, రూపాయి ఎక్కువ తీసుకోలా. కొత్తది ఆరొందలు, సగం మూడొందలు, రెండేళ్ళకి అరవై తీసేస్తే రెండొందల నలభై. మీ లెక్కే."

"నా లెక్కలో లోపం ముందు చెప్పమన్నాను కదా!"

"చెప్పకపోవడమేంటి? మీ ట్యాగ్ తియ్యలేదు నేను. ట్యాగ్‌తో సహా ఇచ్చా. చదువుకుంటుంది కదా ఎవరైనా."

"చదవగలిగితే దాన్ని బిగించుకునేదా? ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు దీక్షిత్."

"అది... అది నాకెలా తెలుస్తుందాంటీ? అంత చక్కగా మాట్లాడుతుంది." గొంతు పలచబడింది. "అయినా మీరు మరీ అతి జాగ్రత్త అనుకున్నా. నేను లైటేసి చూశా, గీత కూడా లేదు దానిమీద. ఏమైంది? ఏమన్నా అయిందా?"

"కొండెక్కింది," అని ఫోన్ పెట్టేసింది తాయారు.

కేశవరావు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "వాడు దొంగ వెధవ," అన్నాడు.

తాయారు తన చీటీ సంగతే ఆలోచిస్తోంది. కొన్నవాళ్ళందరికీ తను లోపం నోటితో చెప్పేది, తర్వాతే చీటీ చేతిలో పెట్టేది. అందుకే ఎవరికి చదవడం వచ్చో ఎవరికి రాదో ఎన్నడూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. నోటి మాట తను ఉన్నంతవరకే, వస్తువుతో పాటు చేతులు మారేది చీటీ ఒక్కటే. ఆ చీటీ టేపు వేయించుకుని భద్రంగా ఆ పిల్ల సీటుకి వేలాడుతోంది. లిఖిత ఒకసారి గరాజుకొచ్చి అట్టముక్కలన్నీ వేలితో నిమురుతూ, "ఆంటీ, మీ రైటింగ్ ఎంత క్యూట్‌గా ఉందో, ముగ్గులాగా," అంది. ముగ్గులాగా అన్నప్పుడైనా అర్థం కావలసింది.

ఎక్కేటప్పుడు ప్రమాదం లేదు. మెల్లగా, నిలబడి తొక్కుకుంటూ ఎక్కుతారు. దిగేటప్పుడే. అంత నిటారు రోడ్డులో గంటకి అరవై దాకా పోతుంది. మలుపు దగ్గర బ్రేకు పట్టగానే మనిషి బరువూ సైకిలు బరువూ మొత్తం ముందుకి తూలి ఆ ఫోర్కు మీద పడుతుంది. మెడకి నాలుగు వేళ్ళ కింద.

కొండ అడుగుకి చేరేసరికి తొమ్మిది నలభై. కార్ల దగ్గర ఎవరూ లేరు. గాలి ఉత్తరం నుంచి వీస్తోంది. యూకలిప్టస్ చెట్ల బెరడు పట్టీలు పట్టీలుగా ఊడి కొమ్మలకి కొట్టుకుంటోంది. కేశవరావు కొండ రోడ్డెక్కించాడు. రెండు మలుపులు దాటారో లేదో, పైనుంచి హెల్మెట్ ఒకటి, దాని మీద ప్లాస్టిక్ ముళ్ళు, కనబడ్డాయి. దిగుతున్నారు.

"ఆపండి, ఆపండి!"

కారు రోడ్డు వారగా ఆగింది. ఇద్దరూ దిగారు. కార్తికేయ బాణంలా వచ్చి, కారుని గుర్తుపట్టి, ఏదో అరుస్తూ దాటిపోయాడు. వెనక ఇంకొకడు. ఆ వెనక పై మలుపులో నీలం సైకిలు తిరిగింది. ఎర్ర ఫోర్కు ఎండలో మెరిసింది.

కేశవరావు రెండు చేతులూ పైకెత్తి రోడ్డు మధ్యకి నడవబోయాడు. నోరు తెరిచాడు. తాయారు ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"చేతులు దించండి!"

"ఆపాలి కదే!"

"మీరాపితే ఉన్నట్టుండి గట్టి బ్రేకు పడుతుంది. బ్రేకు పడితే అది విరుగుతుంది. దించండి. నవ్వండి."

"ఏంటీ?"

"నవ్వండి!"

ఇద్దరూ రోడ్డు పక్కన గడ్డిలో పెళ్ళిఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు. తాయారు చేతులు కొంగులో దాచుకుంది, ఎక్కడ వాటంతటవే లేస్తాయోనని. లిఖిత వంగి వస్తోంది. నడుం పైకి, గడ్డం హ్యాండిలుకి ఆనేంత కిందికి. చక్రాల హోరు ముందొచ్చింది. రోడ్డు మీద పాత అతుకొకటి ఉంది, పిడికిలంత ఎత్తు. దాన్ని తాయారు అప్పుడే చూసింది. చూసి, చూడనట్టుండటానికి ప్రయత్నించింది.

సరిగ్గా అక్కడే, చెట్టు మీంచి నల్లగా తెల్లగా ఒక పిట్ట జారింది. మ్యాగ్‌పై. చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి హెల్మెట్ మీద టక్కున పొడిచింది. లిఖిత తల వాల్చింది. ఆ పిల్ల వేళ్ళు బ్రేకు మీదికి వెళ్ళడం తాయారుకి కనబడింది. నాలుగు వేళ్ళూ. పట్టలేదు. పిట్ట మళ్ళీ లేచింది. చక్రం అతుకెక్కి, గాల్లో ఒక జానెడు తేలి, దిగింది. దిగినప్పుడు ఫోర్కులోంచి చిన్న చప్పుడొచ్చింది. ఇంకెవరికీ అది చప్పుడే కాదు. తడిసిన అట్టపెట్టె.

"హాయ్ ఆంటీ! హాయ్ అంకుల్!"

నవ్వుతూ దాటిపోయింది. సీటు కింద అట్టముక్క గాలికి పిచ్చిగా కొట్టుకుంటోంది, గోడకి మాత్రమే, గోడకి మాత్రమే అని.

కారు తిప్పుకుని వెనకే వెళ్ళారు. కేశవరావు ఎంత నెమ్మదిగా నడిపాడంటే వెనకున్నవాడెవడో హారన్ కొట్టాడు. ఇంకా రెండు మలుపులు. ప్రతి మలుపు దగ్గరా తాయారు కళ్ళు మూసుకుని, మళ్ళీ మూసుకున్నందుకు భయపడి తెరిచింది. కొండ అయిపోయింది. రోడ్డు చదునైంది. అవతల చిన్న మిట్ట ఉంది, దానిమీద సైకిళ్ళు వాటంతటవే మెల్లబడ్డాయి. కార్తికేయ ఆగాడు. లిఖిత బ్రేకు పట్టనవసరం లేకుండానే ఆగింది.

తాయారు కారు దిగి పరిగెత్తలేదు. నడిచింది. వెళ్ళి రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుంది.

"దిగమ్మా. ముందు బ్రేకు పట్టుకోకు. మెల్లగా దిగు."

"ఆంటీ! వాట్ ఆర్ యూ డూయింగ్ హియర్? అంకుల్ లుంగీలో ఉన్నారు!" పకపకా నవ్వింది లిఖిత. ఆవిడ మొహం చూసి ఆపేసింది. దిగింది.

తాయారు కొంగు ముడి విప్పి యాభై సెంట్ల నాణెం తీసింది. రోడ్డు పక్కనే గొంతుక్కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. టక్, టక్. ఎడమ కాలు మీద చప్పుడు చచ్చిపోయింది. రెండేళ్ళ కిందట నాణెం వెడల్పంతే ఉండేది. ఇప్పుడు జానెడు పొడుగునా అదే చప్పుడు.

"అది ఆంటీ రేటుకే కొన్నా కదా," అంది లిఖిత చిన్నగా. "మీ ట్యాగ్ కూడా ఉంది. లక్ కోసం ఉంచుకున్నా. అందులో ఏముంది?"

తాయారు చదివి వినిపించింది. మూడు వరసలూ. ధర కూడా.

లిఖిత మార్చి నుంచీ దాచుకున్న ఆ ఫోర్కుని మొన్న శుక్రవారం తన గరాజులో బిగించి ఇచ్చినవాడు కార్తికేయే. చీటీ తనే విప్పి సీటుకి కట్టాడు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియం, రెండో భాష హిందీ. తెలుగు అక్షరం రాదని అతను కూడా ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఆ నీలం సైకిలుని గడ్డిలో పడుకోబెట్టి, దానికి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

మధ్యాహ్నం లిఖితని గరాజుకి తీసుకొచ్చారు. తాయారు ఫోర్కుని బిగించి రంపం పెట్టింది. లిఖిత అవతలి కాలు పట్టుకుంది. నాలుగు లాగులకి తెగింది. లోపలి పొర మూడొంతులు చీలి, పీచు పీచుగా లేచి, ముసలివాళ్ళ కనుబొమల్లా తెల్లబడి ఉంది. మిగిలిన నల్లటి చోటు చిటికెనవేలి గోరంత. ఆ గోరంత మీద ఈ పిల్ల కొండ దిగింది.

లిఖిత దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది.

"దీక్షిత్ అన్న ఫోన్ చేశాడు," అంది. "మనీ వెనక్కి పంపిస్తాట్ట. సారీ చెప్పాడు. ట్యాగ్ ఇచ్చాను కదా అన్నాడు."

"ఇచ్చాడు. తప్పు నాది కూడా అమ్మా. దీన్ని ఆ రోజే కొయ్యాలి. కొయ్యాల్సిన దానికి ధర రాశాను."

రెండో కాలు కూడా కోసింది. ముక్కల్ని మళ్ళీ ముక్కలు చేసింది. ఎవరూ దేనికీ ఎక్కించుకోలేనంత చిన్నవయ్యేదాకా కోస్తూనే ఉంది. కేశవరావు రెండుసార్లు టీ తెచ్చి, చల్లారాక రెండుసార్లు తీసుకెళ్ళాడు.

నాలుగవుతుంటే లిఖిత బ్యాగులోంచి ఏదో తీసింది. "ఆంటీ, నా దగ్గర మీ ట్యాగ్స్ ఇంకో మూడున్నాయి. కొన్నప్పుడల్లా దాచుకున్నా. అవేమంటున్నాయో చెప్తారా?"

గోధుమరంగు అట్టముక్కలు మూడు. మూడింటికీ తెల్ల దారం. తాయారు కళ్ళజోడు తుడుచుకుని మొదటిది చదివింది. వెనక చక్రం, ఒక పుల్ల కొత్తది వేశాను, మిగతాది బాగుంది. రెండోది చదివింది. సీటు, పైన చిరుగు, కుట్టాను. లిఖిత ఊపిరి వదిలింది.

మూడోది చేతిలోకి తీసుకుని తాయారు ఆగింది. అదే అట్ట. అదే నీలం పెన్ను. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి, ఎవరో తన చీటీ దగ్గర పెట్టుకుని శ్రద్ధగా దిద్దినట్టు. కానీ ధర మొట్టమొదటి వరసలో ఉంది. 60 డాలర్లు. కింద, బాగుంది. ఆంటీ రేటు. ఇంకేమీ లేదు.

"ఇదెక్కడిది?"

"హ్యాండిల్‌బార్. గ్రూప్‌లో చూసి కొన్నా. పాయింట్ కుక్‌లో ఎవరో, మన బ్యాచ్‌లో రాధాకృష్ణ అంకుల్ వాళ్ళకి తెలిసినవాళ్ళట. ఆంటీ రేట్ అన్నారు. కార్బన్‌ది."

"ఇది నేను రాసింది కాదు."

లిఖిత మొహంలో రంగు పోయింది. "అది డాడీ సైకిల్‌కి పెట్టాం."

"మీ డాడీ ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే. సండే ఈవినింగ్ సైకిల్ మీద క్రీక్ దాకా వెళ్తారు."

"ఫోన్ చెయ్యి."

మోగింది. మూడోసారి, నాలుగోసారి. ఇద్దరూ ఫోన్ వంకే చూస్తున్నారు. అయిదోసారికి ఎత్తాడు. వెనక పంపు చప్పుడు వినబడుతోంది.

"చెప్పు బంగారం. టైర్లలో గాలి కొడుతున్నా, బయల్దేరబోతున్నా."

"డాడీ, డోంట్. ప్లీజ్. బైక్ ఎక్కద్దు."

తాయారు ఫోన్ అందుకుంది. "నేనండీ, మంగతాయారుని. దాన్ని గోడకి ఆనించి లోపలికెళ్ళి కూర్చోండి. నేనొచ్చి చూసేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. వస్తున్నాను."

ఫోన్ తిరిగిచ్చి రంపం సంచిలో వేసుకుంది. నాణెం గుప్పిట్లో పట్టుకుంది. వాకిట్లోకి వచ్చాక ఒక్క క్షణం ఆగి అటూ ఇటూ చూసింది. ఎదురింటి వాకిట్లో ఒక సైకిలు, రెండిళ్ళవతల ఇంకొకటి, వీధి చివర ఎవరో పిల్లల్ని వెనకేసుకుని తొక్కుకుంటూ మలుపు తిరుగుతున్నారు. దూరానికి సీటు కింద ఏదో ఊగుతున్నట్టుంది. చీటీయో, తాళంచెవో తెలియలేదు. తెలిసేలోపే మలుపు తిరిగిపోయారు.

"ఎక్కడికెళ్ళాలి?" అన్నాడు కేశవరావు కారు తలుపు తీస్తూ.

"ముందు వీళ్ళింటికి," అంది తాయారు. "తర్వాత పాయింట్ కుక్. ఆ తర్వాత ఎక్కడికో నాకూ తెలియదు."